కణుపు తెలిసిన చెయ్యి

కొమ్మ మీద కత్తెర పెట్టేముందు పెద్దమ్మ ఎడమచేతి బొటనవేలితో కణుపు కణుపునూ తడుముకుంటూ పోతుంది. ఒకచోట వేలు ఆగుతుంది. అక్కడ చిన్న కన్ను గుబ్బగా, వెలుపలికి తిరిగి ఉంటుంది. దానికి పావు అంగుళం పైన, ఏటవాలుగా, ఒక్కటే కోత. తొక్క చీలదు, కొమ్మ నలగదు. వాలు కన్నుకు అవతలి వైపుకు ఉంటుంది కాబట్టి నీటిచుక్క పడ్డా కన్ను మీదికి జారదు.

దర్శిలో ఒక పెంకుటింటి పెరట్లో నేను చూసిన పని ఇది. చెట్టు ఎర్రటి ముద్దమందారం. ఆమె బతుకంతా పత్తి చేలో, మిరప చేలో గడిచింది. ఆ చేల పనితనమంతా ఇప్పుడు ఈ ఒక్క చెట్టు మీద కనిపిస్తుంది.

మందారం పాత కట్టె మీద పూయదు. కొత్తగా సాగిన చిగురు కొమ్మ మీదే, ఆకు మొదట్లో మొగ్గ తొడుగుతుంది. కత్తెర పడని చెట్టు ఎత్తు పెరుగుతుంది, కింద బోసిపోతుంది, పూలు ఎక్కడో కొసన అందకుండా పూస్తాయి. ఎదిగిపోతున్న పత్తికి తలలు తుంచితే పక్క కొమ్మలు బలపడతాయని ఆమెకు చేలోనే తెలుసు. ఇక్కడా అదే లెక్క. సంక్రాంతి దాటి చలి విరగబోతుండగా కోత మొదలుపెడుతుంది. అయితే చెట్టంతా ఒకేసారి కోయదు. మూడో వంతు కొమ్మలు ఇప్పుడు, మరో మూడో వంతు నెల తర్వాత, మిగిలినవి ఆ పైన. కోసిన కొమ్మ మళ్ళీ పూతకు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొత్తం కోసేస్తే అన్ని రోజులూ పూజకు పువ్వుండదు.

“దేవుడికి సెలవు పెట్టమంటామా నాయనా” అంది.

మందారం పువ్వు ఆయుష్షు ఒక్క పగలు. తెల్లవారి విచ్చుకున్నది సందెకు ముడుచుకుంటుంది. కాబట్టి రోజూ పువ్వు కావాలంటే రోజూ మొగ్గ వరసలో ఉండాలి. విడతల కోతలోని నేర్పు నాకు అప్పుడు బోధపడింది.

మొగ్గను ఆమె మొగ్గ అనదు, ‘గూడ’ అంటుంది. అది పత్తి రైతు మాట. తప్పేమీ లేదు. పత్తి, మందారం, బెండ, గోగు అన్నీ ఒకే కుటుంబం. ఒంటిరెక్క మందారాన్నీ పత్తిపువ్వునూ పక్కపక్కన పెట్టి చూడండి. అయిదేసి రెక్కలు, నడుమ కేసరాలన్నీ కలిసి గొట్టంలా అతుక్కుని కీలాన్ని చుట్టి ఉండటం, అంతా అక్కచెల్లెళ్ళ పోలిక. చుట్టరికం ఉన్నచోట చీడ కూడా పంచుకోక తప్పదు. పత్తిని పట్టే పిండినల్లి మందారాన్నీ పడుతుంది. ఆమె దాన్ని తెల్లని పిండి చూసి పట్టుకోదు, చీమను చూసి పట్టుకుంటుంది. కొమ్మ మీద చీమలు బారులు కట్టాయంటే పైన పిండినల్లి చేరిందని గుర్తు. పురుగు విసర్జించే తీపి కోసం చీమ దానికి కాపలా కాస్తుంది. ఆ కొస తుంచి సంచిలో వేసి బయటికి పంపేస్తుంది, మిగతా కొమ్మను సబ్బునీళ్ళ గుడ్డతో తుడుస్తుంది. బాగా ముదిరితేనే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి చల్లుతుంది. పెరటి గట్టున తుత్తురుబెండను మొలవనివ్వదు, అది కూడా ఆ నల్లికి ఇల్లే.

అసలు కష్టం నేలతో. నల్లరేగడి వానకు ఉబ్బి నీళ్ళు పట్టి ఉంచుతుంది, ఎండకు నెర్రెలిచ్చి వేళ్ళు తెంపుతుంది. మందారానికి తడి కావాలి గాని నీళ్ళలో నిలబడటం గిట్టదు. అందుకని నాటేనాడే ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, నేల మట్టానికి జానెడు ఎత్తున దిబ్బ చేసి నాటింది. ఎండాకాలం పాదులో ఎండుటాకు పరుస్తుంది. నేల నెర్రె విచ్చడం నేను అక్కడ చూడలేదు.

ఒక ఏడు లేత ఆకులు పసుపు తిరిగాయట, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయట. అది ఇనుపధాతువు లోపం. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. వేరుశనగకు కొట్టే మందే దీనికీ కొట్టింది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు. వారం పది రోజులకు ఒకసారి చొప్పున రెండు మూడు తడవలు చల్లితే కొత్త ఆకు పచ్చగా వచ్చిందట.

నేనున్నంతసేపూ ఆమె కోసిన కొమ్మల్ని పారేయలేదు. పెన్సిలు లావువి ఏరి, జానెడు ముక్కలు చేసి, ఆకులు దూసి, రెండు కణుపులు మట్టిలో మునిగేట్టు సంచుల్లో గుచ్చింది. ముద్దమందారానికి గింజ కట్టడం అరుదు, కొమ్మతోనే వంశం. కింది కొస కణుపు కిందే కోసింది. వేరు అక్కడినుంచే పుడుతుంది. తలకిందులు కాకుండా ఉండటానికి పైకొస ఏటవాలుగా, కిందికొస సమంగా కోసి గుర్తు పెట్టుకుంది.

మీ పెరట్లో మందారం ఆకులే గాని మొగ్గ చూపించకపోతే, ఈసారి సంక్రాంతి వెళ్ళాక మూడో వంతు కొమ్మలు మాత్రం కోసి చూడండి. కోసేముందు కన్ను ఎటు చూస్తోందో ఒక్కసారి వేలితో తడమండి.