బుద్రమ్మ పలకలేదు

రెండేళ్ల కిందట నల్లజర్ల దగ్గర ఎర్రకాలువలో బాప్తిస్మాలు ఇస్తుంటే వెళ్లాను. బుట్టాయిగూడెం వైపు నుంచి పామాయిల్ తోటల పనికి దిగివచ్చి ఇక్కడే ఉండిపోయిన కోయ కుటుంబాలు కొన్ని ఆ రోజు అక్కడ ఉన్నాయి. వాళ్లలో ఒక పిల్ల నా దగ్గర ఆరో తరగతి చదివింది. ఆమె అసలు పేరు ఇక్కడ రాయను, బుద్రమ్మ అనుకుందాం. (పేర్లు మార్చడం గురించి రాస్తూ నేనే ఒక పేరు మార్చాల్సి వచ్చింది. ఏం చేస్తాం!) నీళ్లలోకి దిగేటప్పుడు ఆమె బుద్రమ్మ. పైకి వచ్చాక ఒడ్డు మీద కాగితం చూసి "బ్లెస్సీ" అని పిలిచారు. పలకలేదు. మళ్లీ పిలిచారు. పలకలేదు. వాళ్లమ్మ వెనకనుంచి "బుద్రా, నిన్నేనే" అంటే అప్పుడు తిరిగి చూసింది. అందరం నవ్వుకున్నాం.

ఆ రోజు ప్రసంగం చేసిన సేవకుడు మంచివాడు. మన గూడేల్లో జ్వరాలొస్తే మోటారు సైకిలు మీద ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి. ఆయన చెప్పిన మాట మీదే నా పేచీ. "సౌలు క్రీస్తును ఎరిగి పౌలు అయ్యాడు, మీరూ పాత పేరు ఈ కాలువలో వదిలేయండి" అన్నారు. ఈ మాట మన వైపు ప్రతి సభలోనూ వింటాం. కానీ గ్రంథం తెరిచి చూస్తే అలా లేదు. దమస్కు దారిలో వెలుగు కనబడినప్పుడు ఆయన సౌలు. కళ్లు తెరిపించి బాప్తిస్మం ఇచ్చిన అననీయ పిలిచిందీ సౌలు అనే. తర్వాత అంతియొకయ సంఘం చేతులుంచి పంపినప్పుడూ సౌలే. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో, కుప్ర ద్వీపంలో, ఈయనకే పౌలు అని ఇంకో పేరు ఉందని రచయిత ఒక ముక్కలో చెప్పి ముందుకు వెళ్లిపోతాడు. ఇంట్లో యూదు పేరు, బయట రోమా పేరు. గూడెంలో ఒక పేరు, రిజిస్టర్లో ఒక పేరు ఉన్న మన పిల్లలకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

అలాగని బైబిల్లో దేవుడు పేర్లు మార్చలేదని అనను. అబ్రాము అబ్రాహాము అయ్యాడు, శారయి శారా అయింది, యాకోబుకు ఇశ్రాయేలు అని పేరొచ్చింది, సీమోనుకు పేతురు అని. ఇవి కొద్దిమందికి, ఒక్కొక్కరికి ఒక వాగ్దానంతోనో ఒక పనితోనో వచ్చిన పేర్లు. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. యాకోబుకు కొత్త పేరు ఇచ్చిన దేవుడే, ముసలితనంలో ఐగుప్తుకు బయలుదేరుతున్న వాణ్ని రాత్రివేళ పాత పేరుతోనే రెండుసార్లు పిలిచాడు. పేతురు అని పేరుపెట్టిన యేసు, పునరుత్థానం తర్వాత సముద్రం ఒడ్డున ఆయనతో తేల్చుకోవలసిన మాట వచ్చినప్పుడు, తండ్రి పేరు కలిపి, సీమోనూ అని పిలిచాడు. సమాధి దగ్గర మగ్దలేనే మరియ కూడా ఆయన్ను తోటమాలి అనుకుంది, తన పేరు విన్నాకే గుర్తుపట్టింది. ఆమెకు అలవాటైన పేరు అది.

మరి "అన్యదేవతల పేర్లు ఉండకూడదు కదా సార్" అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. రోమా పత్రిక చివరి అధ్యాయం చదవమన్నాను. పేర్ల జాబితా అని అందరూ దాటేసే అధ్యాయం అది. అక్కడ పౌలు వందనాలు చెప్పినవారిలో హెర్మే ఉన్నాడు, అది గ్రీకు దేవుడి పేరు. నేరియ ఉన్నాడు, అది సముద్ర దేవుడి పేరు. సంఘానికి ఎంతో సాయం చేసిన ఫీబేది చంద్రదేవతను పిలిచే పేరు. ఫిలిప్పీ సంఘం పంపిన ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే కూర్చుని ఉంది. పౌలు వీళ్లలో ఎవరినీ పేరు మార్చుకోమనలేదు. మన తెలుగు సంఘమే చూడండి. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనలు లేకుండా ఆంధ్ర క్రైస్తవ ఆరాధన లేదు. పురుషోత్తముడు అంటే ఎవరో తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుసు. ఆ పేరుతోనే ఆయన క్రీస్తును కీర్తించాడు, ఆ పేరుతోనే పోయాడు. చౌదరి గారికి అడ్డురాని పేరు బుద్రమ్మకు ఎందుకు అడ్డొచ్చింది? బుధవారం పుట్టింది కాబట్టి బుద్రమ్మ. అందులో విగ్రహం లేదు, వారం ఉంది.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి వైపు పల్లంలో కొత్త పేరుకు వేరే చరిత్ర ఉంది. 1836లో తెలుగు నేలకు వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురం కేంద్రంగా పని మొదలుపెట్టిన తర్వాత గోదావరి డెల్టాలో సంఘం ఎక్కువగా మాల, మాదిగ పేటల్లో పెరిగింది. అక్కడ పెంటయ్యను ఊళ్లో ఎవరూ పెంటయ్య అని కూడా పిలవలేదు, ఒరేయ్ పెంటిగా అనే పిలిచారు. ఆ మనిషికి అబ్రాహాము అని పేరు పెట్టి, వెనక గారు తగిలిస్తే, అది మనిషిని నిలబెట్టిన పని. వీరయ్య, లింగమ్మల కొడుకు జాషువా (1895–1971) ఆ బైబిలు పేరును తెలుగు కవిత్వంలో ఎక్కడ కూర్చోబెట్టాడో మీకు చెప్పాలా? అందుకని బైబిలు పేరు పెట్టుకోవడమే తప్పని నేను అనడం లేదు. పల్లంలో అవమానాన్ని కడిగిన పద్ధతిని కొండకు అలాగే మోసుకొచ్చారు, అదే నా అభ్యంతరం. గూడెంలో బుద్రమ్మ అన్న పేరుకు అవమానం లేదు. ఆ పేరు వినగానే నవ్వింది బయటివాళ్లు. నవ్వినవాళ్లను వదిలి పేరును కడగడం ఏం న్యాయం?

ఇక్కడ ఉపాధ్యాయులతో ఒక మాట. బైబిల్లో పాలకులు పేర్లు మార్చిన ఘట్టం ఒకటుంది, అది ఒక బడిలో జరిగింది. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం. చెరపట్టి తెచ్చిన పిల్లల్లో చురుకైనవాళ్లను ఏరి, మూడేళ్లు రాజు ఖర్చు మీద ఉంచి, రాజు తిండి పెట్టి, కల్దీయుల భాష నేర్పించి, పేర్లు మార్చారు. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు. హనన్యా, మిషాయేలు, అజర్యా అనేవాళ్లు షద్రకు, మేషాకు, అబేద్నెగో అయ్యారు. హాస్టలు, మెస్సు, మీడియం, అడ్మిషన్ రిజిస్టరు! ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఎవరైనా ఈ అధ్యాయం చదివి కాస్త ఇబ్బంది పడాలి. దానియేలు తిండి వద్దన్నాడు గానీ పేరు వద్దన్నట్టు గ్రంథంలో లేదు. రచయిత మాత్రం చివరిదాకా అతన్ని దానియేలు అనే రాశాడు. మిగతా ముగ్గురికి ఆ అదృష్టం లేదు. అగ్నిగుండం కథ సండే స్కూల్లో నేర్చుకున్న ఏ పిల్లనైనా అడగండి, షద్రకు, మేషాకు, అబేద్నెగో అని టకటకా చెబుతుంది. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు అడిగితే తెల్లమొహం వేస్తుంది. (1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారి పేరులోనైనా ఆ మూడోవాడి ఇంటి పేరు బతికి ఉంది.) అరువు పేరుతో ఉన్నవాళ్లను కూడా దేవుడు నిప్పుల్లో విడిచిపెట్టలేదన్నది నిజం. కాబట్టి బ్లెస్సీ అంటే ఆయనకు తెలియదని కాదు. మరచిపోయేది మనం.

నేనూ ఆ రాజు ఉద్యోగినే. ఆరో తరగతిలో చేర్చుకునేటప్పుడు ఈ పిల్ల పేరు బుద్రమ్మ అని తండ్రి చెబితే, పలకడం రాక అలా అంటున్నాడని భద్రమ్మ అని దిద్ది రాశాను. ఒత్తు పెట్టి మరీ. ఆ దిద్దుబాటు ఇప్పుడు పదో తరగతి సర్టిఫికెట్లో ఉంది.

కోయల్లో పేరు కంటే ఇంటిపేరు ఇంకా లోతైనది. మడకం, కుంజా, సోడెం, తెల్లం, కారం అనగానే అది ఏ గట్టో, వేల్పు ఏదో, ఎవరు అన్నదమ్ములవుతారో, ఎవరింటి పిల్లను అడగవచ్చో పెద్దవాళ్లకు తెలిసిపోతుంది. వేల్పు పడిగె ముందు డోలివాళ్లు పాడేది ఈ వంశాల చరిత్రే. బ్లెస్సీ, డేవిడ్ రాజు అని ఒట్టి పేర్లే మిగిలితే, హాస్టల్లో ఇష్టపడిన ఇద్దరు పిల్లలు పెళ్లి మాటల దాకా వచ్చి, ఒకే గట్టు అని తెలిసి ఏడ్చిన సంగతి నేను చూశాను. మత్తయి సువార్త మొదలయ్యేది కూడా ఇంటివాళ్ల పేర్లతోనే కదా. ప్రసంగాల్లో దాటేస్తారు గానీ, మన డోలివాడు దాన్ని వింటే లేచి కూర్చుంటాడు. ఎజ్రా రెండో అధ్యాయంలో మరీ దగ్గరి కథ ఉంది. బబులోను నుంచి తిరిగొచ్చినవాళ్లలో కొందరు యాజకులు తమ వంశావళి వెతుక్కుంటే దొరకలేదు. వాళ్లలో ఒక ఇంటి పూర్వీకుడు అత్తవారింటి పేరు, బర్జిల్లయి పేరు, తగిలించుకున్నాడు. ఇప్పుడు యాజక పని చేయకూడదన్నారు. మనకు ఆ పుస్తకం మండల కార్యాలయంలో ఉంటుంది.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇంకొకరికీ జవాబు చెప్పాలి. "బైబిలు పేరు పెట్టుకున్నవాడు గిరిజనుడు ఎలా అవుతాడు" అని ఈ మధ్య కొందరు అడుగుతున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో లేదు. ఏ దేవుణ్ని కొలిచినా కోయ కోయే. సంఘంలో కొందరు పాత పేరు ఉంటే క్రైస్తవుడివి కాదంటారు, బయట వీళ్లు కొత్త పేరు ఉంటే కోయవి కాదంటారు. ఇద్దరికీ పేరు ఒక గేటు. మనిషిని పిలవడానికి పెట్టుకున్నదని ఇద్దరూ మరిచారు.

పోయిన నెల ఆమె మా ఇంటికి వచ్చింది. రేషన్ కార్డులో బుద్రమ్మ, సర్టిఫికెట్లో భద్రమ్మ, సంఘం రిజిస్టర్లో బ్లెస్సీ. అంగన్‌వాడీ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోంది, ముగ్గురూ ఒకరేనని చదువు చెప్పిన మాస్టారుగా రాసివ్వమంది. తెల్ల కాగితం తీసి, "నిన్ను ఏమని రాయనమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"ముందు ఇంటిపేరు రాయండి సార్" అంది.