మాలపల్లి - మన వాకిలి

ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లి నవలను రాయవేలూరు చెరసాలలో రచించిరి. 1922లో వెలువడిన ఆ గ్రంథమును నాటి మదరాసు ప్రభుత్వము నిషేధించెను. తమిళనాట స్థిరపడిన మనకు అది పొరుగూరిలో పుట్టిన పుస్తకము. అయినను మనలో పెక్కురు దానిని జాతీయోద్యమకాలపు పాతకథగా నెంచి బీరువాలో భద్రపరచినారు. అది సరికాదని నా మనవి.

కథకు ఆయువుపట్టు కూలి. ధాన్యము ధర పెరిగినప్పుడు గింజలకు బదులు డబ్బు నిత్తుమని భూస్వాములందురు. కూలి పేరు మారదు. కడుపునకు చేరునది మాత్రము తగ్గును. ఈ లెక్క గ్రహించి కూలీల పక్షమున నిలచిన సంగదాసు చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణములు విడుచును. జీతపు పట్టికలు వ్రాయుచు వయస్సు గడపిన గుమాస్తాను నేను. పద్దు సరిగానుండియే మనిషి నష్టపోవు విధమును ఇంత తేటగా మరియే గ్రంథమును నాకు చూపలేదు.

2025 ఆగస్టులో చెన్నపట్టణమున రిపన్ భవనము ముంగిట పారిశుద్ధ్య కార్మికులు బైఠాయించిరి. తమ పనిని ప్రైవేటు సంస్థ కప్పగించినచో రాబడి తగ్గునని వారి మొర. యజమాని వేరు, పని వేరు, ప్రశ్న సంగదాసుదే.

నవలలో లోపములు లేకపోలేదు. ఉపన్యాసములు దీర్ఘములు. కాని శాంతమార్గము నమ్మిన రచయిత, ధనికులను దోచ బయలుదేరిన వెంకటదాసు కోపమును దాచిపెట్టలేదు. అది ఆయన నిజాయితీ.

మా వీధి యూడ్చు ఆమె యొకనాడు తన బిడ్డను తెలుగున మందలించుచుండగా వింటిని. "మీరు తెలుగువారా అమ్మా?" యని యడిగితిని. "ఔనయ్యా, మా యింట్లో ఇదే మాట" అనెను. ఇరువది యేండ్లుగా ఆమెను చూచుచునే యుంటిని! ఆమె తెలుగు వ్యాకరణమునకు లొంగనిది. ఉన్నవవారు నవలలోనికి తెచ్చిన పల్లెమాటవలె సజీవమైనది.

తమిళనాట అరుంధతియార్లలో అనేకుల యింటిభాష తెలుగే. 2009లో రాష్ట్ర ప్రభుత్వము షెడ్యూల్డు కులముల కోటాలో వారికి 3 శాతము ప్రత్యేకించెను. ప్రభుత్వము లెక్కించిన వారిని మనము లెక్కింపకుంటిమి. తెలుగు చదువు పిల్లలు తగ్గిరని వాపోవు మనము వారి పిల్లలను తలంచితిమా? వచ్చు ఉగాదికి ఆహ్వానపత్రికలు పంచునపుడు మన వాకిలి యూడ్చు చేతికి కూడ ఒకటి అందింతము. వేదికపై ఎన్ని ఉపన్యాసము లిచ్చినను, అంతవరకు మనము మాలపల్లి చదివినట్లు కాదు.