కార్తెల వెంట మెట్టసేద్యము

సూర్యుని వార్షికగమనమును 27 నక్షత్రములకు పంచి, ఒక్కొక్క భాగమునకు 13, 14 దినములు లెక్కగట్టి, వానికి కార్తెలని పేరిడిన మన పూర్వులు, పంచాంగము విప్పనక్కరలేకయే రైతు తన పనివేళను గుర్తుంచుకొను సాధనమును కల్పించిరి. తిథులు చంద్రునితో ముందువెనుకలగును. కార్తెలు సూర్యుని ననుసరించునవి గనుక, రోహిణి మే చివరివారమునను, మృగశిర జూన్ 7, 8 తేదీలకును ఏటేటా వచ్చుచుండును. నైరుతి ఋతుపవనము తెలుగునేలను తాకు కాలమును ఇంచుమించుగా అదియే.

తెలంగాణ, రాయలసీమల మెట్టపొలములలో నాలుగైదెకరములతో బ్రతుకు కుటుంబమునకు సేద్యపు సంవత్సరము ఎండలలోనే ఆరంభమగును. ఎండిన చెరువునుండి ఒండ్రు తోలుట, గొఱ్ఱెలమందను రాత్రులు చేలో నిలిపించి కాపరికి గింజలు కొలిచియిచ్చుట, వేసవిజల్లు పడగానే దుక్కి దున్నుట రోహిణి దాటకముందే ముగియవలెను. తొలకరికి నేల పదునెక్కినంతనే విత్తు గొఱ్ఱు కట్టుదురు. పురుషుడు ఎడ్లను తోలుచుండగా, ఇల్లాలు గింజలను పిడికిట బట్టి గొఱ్ఱుమీది గిన్నెయగు జడ్డిగములోనికి సన్నగా జార్చుచుండును. అవి వెదురుగొట్టములగుండ సాళ్ళలో సమముగా పడుట ఆమె వ్రేళ్ళ లాఘవముమీదనే ఆధారపడియుండును. చేయి తడబడినచోట మొలక గుబురుగనో, వెలితిగనో కానవచ్చి, కోతలవరకు సాక్ష్యమిచ్చును.

జొన్నసాళ్ళ నడుమ కంది వేయుటలోని వివేకము మరింత లోతైనది. జొన్న త్వరగా ఎదిగి, నాలుగు నెలలకు కోతకు వచ్చును. అంతవరకు మెల్లగా పెరుగు కంది, ఆ పిమ్మట విడిచిన చోటునంతయు ఆక్రమించి, లోతునకు దిగిన తల్లివేరుతో అడుగుపదునును పీల్చుకొని, చలికాలమున కాపునకు వచ్చును. దాని వేరుబుడిపెలును, రాలిన ఆకును నేలకు సత్తువ నిచ్చును. నడుమ గుంటక తోలుటవలన కలుపు చచ్చుటయేగాక, పైమన్ను పొడియై లోని తేమను ఆవిరికానీయదు. ఎకరపు దిగుబడిని మాత్రమే తూచి ఈ పద్ధతిని వెనుకబడినదనువారు, వాన ముఖము చాటుచేసిన యేట రెండింటిలో నొకటి నిలిచి ఆ యింటి పొయ్యిని వెలిగించుటను లెక్కలోనికి తీసికొనరు.

పెరటికిని ఈ కార్తెల లెక్కయే. ఆర్ద్రలో బీర, సొర, పొట్ల పెట్టుదురు. నాటు చిక్కుడు అప్పుడే పందిరెక్కినను, పగళ్ళు కురుచలైనగాని పూతకు రాదు. రథసప్తమినాటికి చిక్కుడుకాయలతో రథము కట్టు ఆచారము ఆ కాపు సమృద్ధియందే పుట్టియుండవచ్చును.

విత్తనరక్షణ సర్వము స్త్రీలది. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించి ఎండబెట్టుట, బూడిద, వేపాకు కలిపి కుండలలో నింపి మూతికి మెత్తుట పుచ్చునుండి గింజను కాచు ఉపాయములు. జహీరాబాద్ ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళితస్త్రీలు ఇట్టి విత్తనములను కాపాడుచు పాత పంటల జాతర జరుపుచున్నారు. వారి కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ఈక్వేటర్ బహుమతి నిచ్చినది.

మీ యింట విత్తు దాచుట యెఱిగిన పెద్దావిడ యున్నచో, రాబోవు ఆర్ద్రకు ముందే ఆమె చెంత కూర్చుండి, ఏ గింజకు ఏమి పట్టించునో, ఎన్నాళ్ళు ఎండ చూపునో అడిగి వ్రాసికొనుడు. ఒక పిడికెడు గింజలును అడిగి పుచ్చుకొనుడు.