కొడవలికణ హీమోగ్లోబిను: కొలిచినది ఆవేశమునేనా?

1949 నవంబరులో "సైన్స్" పత్రికయందు పౌలింగ్, ఇటానో, సింగర్, వెల్స్ అను నలుగురు కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసము కొడవలికణ రక్తహీనతను అణువ్యాధిగా పేర్కొన్నది. వీరు హీమోగ్లోబిను అణువు విద్యుదావేశమును కొలిచిరని తరగతులలో చెప్పుచుందురు. ఆ మాట సరికాదు. వారు కొలిచినది వేగమును.

మాంసకృత్తు అణువులో ఆమ్ల సమూహములు, క్షార సమూహములు రెండును గలవు. ద్రావణపు పి.హెచ్. తగ్గినచో అణువునకు ధనావేశము, పెరిగినచో ఋణావేశము హెచ్చును. నికరావేశము సున్నయగు పి.హెచ్.ను సమవిద్యుత్ బిందువందురు. స్వీడన్ దేశీయుడు టిసేలియస్ 1937లో వర్ణించిన ఉపకరణములో, యు-ఆకారపు గొట్టమునందలి ద్రావణముగుండ విద్యుత్తును పంపి, మాంసకృత్తు సరిహద్దు ఎంత వేగముగా జరుగునో చూతురు. ఐతే ఈ వేగము ఆవేశమొక్కదానిపైననే ఆధారపడదు. అణువు పరిమాణము, ఆకారము అడ్డువచ్చును. అంతేగాక, ద్రావణములోని లవణపు అయానులలో విరుద్ధావేశము గలవి అణువుచుట్టు మూగి దానిని వెనుకకు లాగును. తిరునాళ్ళ గుంపులో నడచువాని వేగమును చూచి వాని కాలిబలమును నిర్ణయింపగలమా?

వ్యాసకర్తల నేర్పు ఇచ్చటనే యున్నది. వారు రెండు హీమోగ్లోబినులను ఒకే పరిస్థితులలో పోల్చిరి. కార్బన్ మోనాక్సైడుతో కూడిన మామూలు హీమోగ్లోబిను సమవిద్యుత్ బిందువు 6.87, కొడవలికణ హీమోగ్లోబినుది 7.09. ఈ రెంటి నడుమనున్న పి.హెచ్.లో మొదటిది ధనధ్రువమువైపు, రెండవది ఋణధ్రువమువైపు పోవును. ఘర్షణ వేగమును తగ్గించునేగాని దిక్కును మార్పజాలదు. ఈ వాదమునకు తిరుగులేదు.

సంఖ్య విషయమున అంత గట్టితనము లేదు. రోగి హీమోగ్లోబిను అణువునకు ధనావేశము 2 నుండి 4 వరకు ఎక్కువని వారు లెక్కించిరి. ఇందుకు మామూలు హీమోగ్లోబిను అంశమాపన రేఖను ఆధారముగా గొనిరి. అనగా కొంత ఎరువు సొమ్ము. అందుచేత ఒక్క అంకె చెప్పక హద్దులు చెప్పుట మెచ్చదగినది. ఐనను, ఋణావేశములు తగ్గినవో, ధనావేశములు పెరిగినవో నికర లెక్క తెలుపదు. 1957లో ఇంగ్రామ్ దీనిని తేల్చెను. గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీను చేరినది. అణువులో అట్టి గొలుసులు రెండు గనుక రెండు ఋణావేశములు లోపించినవి.

ఈ పద్ధతికి గల హద్దును చూపినవాడు నలుగురిలో ఒకడైన ఇటానోయే యగుట గమనింపదగినది. 1951లో ఆయన కనుగొన్న హీమోగ్లోబిను-డి, కొడవలికణ హీమోగ్లోబినుతో సమాన వేగమున జరుగును. కాని కణములను కొడవలిగా వంచదు. ఈ రెంటిని వేరుచేసినది విద్యుత్తు కాదు, నీటిలో కరుగు గుణము.