"దారి కనబడలేదు" అనుట ఏపాటి జవాబు?

శివారు చేనుకు నీరు రాకపోతే కోనసీమ రైతు వెంటనే ధవళేశ్వరం పరుగెత్తడు. ముందు తన పంటబోదె చూచుకొంటాడు, తరువాత తూము, ఆ పైన కాలువగట్టు పట్టి లాకుదాకా నడుస్తాడు. ఎంతవరకు నీరున్నదో తేలితే లోపం దాని తరువాతనే గదా!

ఒకే గదిలోని రెండు కంప్యూటర్ల నడుమ ఫైళ్ల పంపకం చెడినప్పుడు కావలసినది ఇట్టి వరుసే. కాని విండోస్ ఇచ్చే జవాబు "నెట్‌వర్క్ దారి కనబడలేదు" అని. ప్రక్కన 80070035 అనే అంకె. తీగ ఊడినా ఇదే, పేరు తప్పు కొట్టినా ఇదే, ఎదుటి యంత్రపు ఫైర్‌వాల్ తలుపు మూసినా తరచు ఇదే. రోగికి "ఒంట్లో బాగులేదు" అని చెప్పి పంపిన వైద్యుని వంటిది ఈ వాక్యం.

మరొక సందేశం ఇంతకంటె మేలు. 2024లో వచ్చిన విండోస్ 11 ప్రో 24హెచ్2 కూర్పు, పాస్‌వర్డ్ అడగని అతిథి ప్రవేశాన్ని మామూలుగా ఒప్పుకోదు. ఆ సంగతి చెప్పుతుంది కూడా. అయితే అడ్డు పెట్టినది "మీ సంస్థ" విధానమట! ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవానికి ఏ సంస్థ?

జవాబు మసకగా ఉన్నప్పుడు జనం మొరటు చికిత్సలకు దిగుతారు: ఫైర్‌వాల్ తీసివేయి, పాత ఎస్ఎంబి-1 పద్ధతి తిరిగి పెట్టు అని. ఇది గట్టు తెంపి చేనుకు నీరు పెట్టుటే. 2017 మే నెలలో వాన్నాక్రై ప్రాకినది ఆ ఎస్ఎంబి-1లోని లోపం ద్వారానే. మైక్రోసాఫ్టు మార్చిలోనే మరమ్మతు ఇచ్చినా, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు సైతం కొన్ని దెబ్బతిన్నాయి.

ఉపాధ్యాయులు పిల్లలచేత ముందు చిరునామాలు చదివించవలె. ఒకటి 192.168తో, రెండవది 169.254తో మొదలైతే, రెండవదానికి రౌటరు చిరునామా ఇవ్వలేదన్నమాట. పింగ్‌కు బదులు రాకున్నా యంత్రం లేదనుకోరాదు. ఫైర్‌వాల్ ఆ పలుకరింపును మాత్రమే ఆపి ఉండవచ్చు. ఫైళ్ల పంపకానికి వాడే 445వ పోర్టు తెరిచి ఉన్నదా అనేది అసలు ప్రశ్న. తెరిచి ఉంటే మిగిలినవి పేరు, పాస్‌వర్డ్, అనుమతులు. అనుమతులు ఫోల్డరుకు ఒకటి, పంపకానికి ఒకటి. రెండింటిలో కఠినమైనదే చెల్లుతుంది. వర్క్‌గ్రూపు పేరు కలవలేదని కంగారుపడేవారు కద్దు. అది అనవసరం.

ఇంత చెప్పే నేను కూడా ఒకసారి మా బడిలో ఒక పూటంతా ఫైర్‌వాల్‌నే శంకించాను. నిజానికి కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు ఆ కంప్యూటరుకు కొత్త చిరునామా ఇచ్చింది. నల్లబల్లమీద సుద్దతో వ్రాసి పెట్టుకొన్నది పాతది. కనిపెట్టినది తొమ్మిదవ తరగతి పిల్ల.