సున్నము క్రింది బొమ్మ



రాజమహేంద్రవరమునకు మనలో అనేకులము వెళ్లుచుందుము. ఆసుపత్రికి వెళ్లుదుము, కోర్టుకు వెళ్లుదుము, పెండ్లి బట్టలకు వెళ్లుదుము, సంఘ కూటములకు వెళ్లుదుము. అయితే ఆ పట్టణములో దామెర్ల రామారావు అను చిత్రకారుని పేర ఒక చిత్రశాల యున్నదనియు, దానిలోనికి ఎవరైనను వెళ్లి చూడవచ్చుననియు ఎందరికి తెలియును? నాకు ఏబది నాలుగేండ్లు వచ్చువరకు తెలియలేదు. తెలిసినను వెళ్లియుండను. బొమ్మలతో కాపరికేమి పని అనుకొనువాడను.

మొన్న ఒక కూటమునకు వెళ్లినప్పుడు మధ్యాహ్నము రెండు గంటలు ఖాళీ దొరికెను. మా సంఘములో బడిపంతులుగా నున్న యువకుడొకడు నాతో వచ్చియుండెను. “అయ్యగారూ, ఈ ఎండలో ఎక్కడ కూర్చుంటారు? రండి, బొమ్మలు చూద్దాం” అనెను. నేను నీడ కొరకు వెళ్లితిని. అక్కడ చూచినదానిని మీతో చెప్పక యుండలేక ఇది వ్రాయుచున్నాను.

మొదట ఆ చిత్రకారుని గూర్చి రెండు మాటలు. రామారావు 1897లో రాజమహేంద్రవరములోనే పుట్టెను. ఆ దినములలో అక్కడి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా నుండెను. ఆయనయు చిత్రములు వ్రాయువాడే. ఈ బాలుని చేతిలోని వరమును ఆయన కనిపెట్టెను; ఈ దేశపు ప్రాచీన కళ యెడల, అజంతా గోడల యెడల అతని కన్నులు తెరిపించెను; బొంబాయిలోని సర్ జె.జె. చిత్రకళాశాలలో చదువుటకు ప్రోత్సహించెను. రామారావు చదువు ముగించి స్వస్థలము చేరి, 1923లో స్నేహితులతో కూడి ఒక చిత్రకళా సంఘమును స్థాపించెను. రెండేండ్లైనను గడువకమునుపే, 1925లో, మశూచి సోకి మరణించెను. అప్పటికి ఆయనకు ఇరువది యేడేండ్లు. ఆ రోగము నేడు లోకములో లేదు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది నిర్మూలమైనదని ప్రకటించెను. ఆయన భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రములు వ్రాసినవారే. ఆయన స్నేహితుడు వరద వెంకటరత్నముగారు ఆ పనిని పడిపోనియ్యక నిలిపెను.

ఇక చిత్రముల మాట. లోపల ప్రవేశించినప్పుడు నేను వింతలను చూడనెంచితిని. అక్కడ నాకు కనబడినది గోదావరి. కొండల నడుమ నదిని ఆయన వ్రాసిన తీరు చూడుడి. వరద లేదు, ఉరుము లేదు, చూపరులను భయపెట్టునది ఏదియు లేదు. కొండ నీడ నీటిమీద పడియున్నది, అంతే. నేను పుట్టినది మొదలుకొని ఈ నదిని చూచుచున్నాను. పడవలో దాటితిని, వంతెనమీద దాటితిని, ఎన్నడును నిలిచి చూడలేదు. ఆ చిన్న కాగితము ఎదుట మొదటిసారి నిలిచితిని.

తరువాత ‘పుష్పాలంకారము’ అను పటము. స్త్రీలు కూడి ఒకతెను పూలతో సింగారించుచున్నారు. మన యిండ్లలో పెండ్లినాడు జరుగునదే. వేళ్లు ఎంత నెమ్మదిగా కదలుచున్నవో, కూర్చున్నామె మెడ ఎంత ఓర్పుగా వంగియున్నదో చూచినయెడల, ఒకరి తల ఒకరు దువ్వుటకూడ ప్రేమ చేయు పనియే అని తెలియును. గీత ఒకరి భుజమునుండి మరియొకరి చేతికి తెగకుండ సాగును. ఒకరిని తీసివేసినయెడల తక్కినవారు పడిపోవుదురేమో అనిపించును. సంఘమనగా ఇట్టిదే గదా అని నాలో నేను అనుకొంటిని.

మూడవది ‘నందిపూజ’. నిజము చెప్పుదును, దాని యెదుట నా కాళ్లు వెనుకకు లాగెను. రాతి నందిని కొలుచు స్త్రీల పటమును కాపరి నిలిచి చూడవచ్చునా? పంతులు నా ముఖము చూచి ఊరకుండెను. కొంతసేపటికి నాకు ఒక సంగతి తోచెను. చిత్రకారుడు నన్ను మ్రొక్కుమనుట లేదు. మ్రొక్కుచున్న మనుష్యులను చూడుమనుచున్నాడు. వారి నడుములు వంగిన తీరు, చేతులు సాగిన తీరు, కన్నులు నిలిచిన తీరు చూడుమనుచున్నాడు. ఇరువదెనిమిదేండ్లుగా వేదికమీదనుండి మోకాళ్లూనిన స్త్రీలను చూచుచున్నాను. ప్రార్థనలో మనుష్యుని వీపు అట్లు వంగునని నేనెన్నడును గమనింపలేదు. నా విశ్వాసము నాదే. పొరుగువాని భక్తిని నిలిచి మర్యాదగా చూచుటవలన అది తరిగిపోలేదు.

బొమ్మలు చేసికొని మ్రొక్కకూడదని ఆజ్ఞ నిచ్చిన దేవుడే, యాజకుని నిలువుటంగీ అంచున నీలి, ధూమ్ర, రక్తవర్ణపు నూలుతో దానిమ్మ పండ్లను చేయుమని చెప్పెను. బెసలేలు అను పనివానిని ఆత్మతో నింపి చిత్రమైన పనులు కల్పింపజేసెను. నిర్గమకాండము తీసి చదువుడి. ఆజ్ఞను బోధించితిమి, మంచిదే. దానిమ్మ పండ్లను మరచితిమి.

లోపము చెప్పకుండ మెచ్చుట మంచి సాక్ష్యము కాదు గనుక నాకు తక్కువగా తోచినదియు చెప్పుదును. రామారావు వ్రాసిన స్త్రీలు ఇంచుమించుగా అందరును ఒక్క తీరువారే. సన్నని నడుము, పొడవైన వ్రేళ్లు, అలసట యెరుగని మేను. సిద్ధార్థుని యెదుటికి కన్యకలు వచ్చు ‘సిద్ధార్థ రాగోదయము’లో ఈ అందము తగును, అది రాజుల ఇల్లు. అయితే మన పాలెపు స్త్రీ ఎక్కడ? నాట్లు వేసి నీటిలో నానిన పాదము, కొడవలి పట్టి కాయకాచిన అరచేయి, చంటిబిడ్డను చంకనెత్తుకొనుటచేత ఒక ప్రక్కకు ఒరిగిన నడుము ఎక్కడ? ఇరువది యేడేండ్లకే ముగిసిన జీవితమును ఇంతకంటె అడుగుట న్యాయము కాదు. అయినను నా మనస్సు వాటినే వెదకెను.

వెదకుచుండగా, అవి నేనెక్కడ చూచితినో జ్ఞాపకము వచ్చెను. నా ప్రాణము క్రుంగెను.

ఇరువది యేండ్ల క్రిందట నేను వేరొక గ్రామములో కాపరినై యుంటిని. క్రిస్మసుకు ముందు ఒక కుర్రవాడు, తాపీమేస్త్రి కొడుకు, గుడి గోడమీద బొమ్మ వేసెను. బొగ్గు, జేగురు, పసుపు, బట్టల నీలిమందు, ఇవే అతని రంగులు. మరియమ్మ నాట్లకు వెళ్లు స్త్రీవలె చీర బిగించి కట్టుకొనియున్నది. బిడ్డ చీర ఉయ్యాలలో నున్నాడు. యోసేపు చేతిలో బాడిస యున్నది. గొఱ్ఱెల కాపరులు గొంగళ్లు కప్పుకొని నిలిచియున్నారు. ఒక గేదె మెడ చాచి ఉయ్యాలను వాసన చూచుచున్నది. గోడ నిండ మన పాలెమే.

పెద్దలు కొందరు గొణిగిరి. అయితే తీర్పు చెప్పినవాడను నేనే, తప్పు నాదే. “ప్రభువు మన గేదెలపాకలో పుట్టాడా నాయనా? క్యాలెండరు చూసి వేయవలసింది” అంటిని. క్యాలెండరులోని మరియ తెల్లని మేనితో, నీలి కన్నులతో ఉండెను. నేను సెమినరీలో చదివినవాడను, బేత్లెహేము ఎక్కడనున్నదో తెలిసినవాడను, అట్లంటిని. కుర్రవాడు “అలాగే అయ్యగారూ” అనెను. మరునాడు తానే సున్నపు బాల్చీ తెచ్చి, తన చేతితోనే ఆ బొమ్మను కప్పెను. మరల ఎన్నడును గోడమీద గీత గీయలేదు.

చదువరులారా, ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూడుడి. సముద్రము దాటి వచ్చిన పరదేశి ఒక తెలుగు బాలునితో నీ దేశమును చూడుమనెను. తెలుగు కాపరినైన నేను ఒక తెలుగు బాలునితో పరదేశపు పటమును చూడుమంటిని. మొదటి బాలుని పటములను చూచుటకు నేడును జనులు వెళ్లుచున్నారు. రెండవవాని పటము సున్నము క్రింద పోయెను.

ఇంటికి వచ్చి అతనికి ఫోను చేసితిని. అతడు ఇప్పుడు పట్టణములో ఇండ్లకు రంగులు వేయుచున్నాడు. జరిగినది తప్పని ఒప్పుకొంటిని. “ఆ గోడ ఇంకా ఉందా అయ్యగారూ?” అని అడిగెను. ఆ గుడిని పడగొట్టి క్రొత్తది కట్టిరని చెప్పవలసి వచ్చెను. కొంతసేపు మాటలాడలేదు. తరువాత తన పిల్లల చదువుల సంగతి చెప్పెను.

నీటిరంగుల కాగితము వెలుగునకు వెలిసిపోవును, చెమ్మకు మచ్చపడును. కావున మీరు రాజమహేంద్రవరము వెళ్లినప్పుడు ఒక గంట మిగుల్చుకొని ఆ చిత్రశాలకు వెళ్లుడి, పిల్లలను తీసికొనిపొండి. మీ గుడి గోడమీద, బడి పలకమీద, వాకిటి ముగ్గులో ఎవరి చేయియైనను మన పాలెమును వ్రాసినట్లు కనబడినయెడల, దాని యెదుట కొంతసేపు నిలువుడి. సున్నపు బాల్చీకొరకు తొందరపడకుడి.