అమ్మ మాత్రల డబ్బా

ఆదివారం సాయంత్రం అమ్మ మాత్రలు వారం డబ్బాలో సర్దడం మా ఇంట్లో నా పని. పెద్దవాళ్ళున్న చాలా ఇళ్ళల్లో డాక్టరు రాసిన మందులకన్నా రాయనివే ఎక్కువ. అమెరికా నుంచి వచ్చే పిల్లలు సూట్‌కేసుల్లో చేపనూనె, గ్లూకోసమైన్, మల్టీవిటమిన్ సీసాలు మోసుకొస్తారు. వాళ్ళు తెచ్చేది ప్రేమే, సందేహం లేదు.

ఆ సీసాల్లో ఆయుష్షు ఉందా అంటే మాత్రం, అంత నమ్మకంగా చెప్పలేం. అమెరికాలో ‘వైటల్’ అనే పరిశోధనలో సుమారు 26 వేలమందిని ఐదేళ్ళకు పైగా గమనించారు. విటమిన్ డి గానీ, చేపనూనె గానీ క్యాన్సర్లనూ, గుండెపోటు, పక్షవాతం లాంటివాటినీ మొత్తమ్మీద తగ్గించలేదని 2018లో తేలింది. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకు బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది.

ఒంట్లో లోటున్నప్పుడు సంగతి వేరు. షుగర్‌కి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బి12 తగ్గిపోవచ్చు. గ్యాస్ మాత్రలు మానకుండా వేసుకునేవాళ్ళకూ అంతే. పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారులైతే చెప్పక్కర్లేదు. తిమ్మిర్లు, తూలడం, నాలుక మంట, మతిమరుపు అన్నిటినీ వయసు ఖాతాలో వేసేస్తాం. అమ్మకి నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒంటికాలి చెప్పుతోనే వీధి చివరిదాకా వెళ్ళిపోయేది. రక్తపరీక్ష చేయిస్తే బి12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు చేయించి, తర్వాత మాత్రల్లోకి మార్చారు. కొన్ని నెలలకి గుమ్మం దిగుతూ తనే ఆగి, “చెప్పు ఊడిపోయిందే” అంది. ఆ మాటకి నాకెంత సంతోషం వేసిందో!

ఇందులో ఒక మెలిక ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఆయన బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన సంగతి 1945లో లోకానికి తెలిసింది. గొప్ప మందు అది. కానీ బి12 లోటున్నవాళ్ళు దాన్నొక్కదాన్నే పెద్ద మోతాదులో వాడితే రక్తం పడుతుంది, మొహం తేటపడుతుంది; నరాలు మాత్రం లోపల్లోపల దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ‘బలానికి ఏదైనా ఇవ్వండి’ అని మందుల షాపులో అడిగేముందు రక్తపరీక్ష చేయించమని కనబడినవాళ్ళందరికీ చెబుతుంటాను.

విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ల విషయంలో నాకు మరీ భయం. లోటున్నవాళ్ళకి సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని వారాలే రాస్తారు. రోజూ వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం పట్టుకుంటాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కవరు మీద ‘వారానికి ఒక్కటే’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాసిచ్చే షాపువాళ్ళకి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

మందుల వేళలూ చూసుకోవాలి. అమ్మ వేసుకునే థైరాయిడ్ మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి కాబట్టి మా డబ్బాలో కాల్షియం రాత్రి గదిలోకి వెళ్ళింది.

మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాం. డాక్టరుగారు ఒక్కొక్కటీ తిప్పి వెనకవైపు చదివి, సప్లిమెంట్లలో బి12, కాల్షియం ఉంచి మిగతావి ఆపేయమన్నారు. రోజూ పప్పు, గుడ్డు తప్పకుండా తినమన్నారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమని, కాళ్ళలో కండ నిలవడానికి అది ముఖ్యమని చెప్పారు. సీరియల్ మధ్యలో ప్రకటనలు రాగానే అమ్మ మొదలుపెడుతోంది.